యురేనియం ప్లాంటులో పనిచేసినవాళ్లకి అప్పట్లో ఎంత రేడియేషన్ తగిలింది? ఇప్పుడు లెక్కకట్టడం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

బరంపురం, ఛత్రపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురం వైపు ఉన్న మన తెలుగు కుటుంబాల కోసం ఇది రాస్తున్నాను. ఈ ఊళ్లలోంచి జార్ఖండ్‌లోని జాదుగూడ యురేనియం గనికో, హైదరాబాద్ న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌కో, ముంబైలో ట్రాంబే అణు కేంద్రానికో పనికి వెళ్లి రిటైరై తిరిగొచ్చిన పెద్దవాళ్ల దగ్గర పాత కాగితాల సంచి ఒకటి ఉంటుంది. అందులో ఉన్న అంకెలకి అర్థం ఏమిటో వాళ్లకి ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. చెప్పాల్సిన విషయం అది, అందుకే ఈ పేజీ.

ఎప్పుడో ముప్పై ఏళ్ల కిందటి పనికి ఇప్పుడు డోస్ ఎలా తెలుస్తుంది?

డోస్ అంటే ఒంటికి తగిలిన రేడియేషన్ కొలత, దాన్ని మిల్లీసీవర్ట్‌లలో చెబుతారు. ఖచ్చితమైన ఒక్క అంకె రాదు, ఇంత నుంచి ఇంత మధ్యలో అని వస్తుంది. ఆ మాట ముందే మనసులో పెట్టుకోండి, ఎందుకంటే ఎవరైనా మీకు ఒకే అంకె చెప్పి అదే ఫైనల్ అంటే అందులో ఏదో వదిలేశారని అర్థం. లెక్క కట్టేవాళ్లు ముందు ఆ మనిషి చొక్కాకి పెట్టుకున్న, రేడియేషన్ కొలిచే బ్యాడ్జీ రీడింగులు చూస్తారు, మూత్ర పరీక్షల ఫలితాలు, ఛాతీ దగ్గర డిటెక్టర్ పెట్టి ఊపిరితిత్తుల్లో యురేనియం కొలిచిన రికార్డు ఉంటే అవీ చూస్తారు. అవి లేకపోతే అదే షెడ్డులో పక్కన పనిచేసినవాళ్ల రీడింగులు, అవీ లేకపోతే ఆ షెడ్డులో గాలి శాంపిళ్లు, చివరికి ఏమీ లేకపోతే ఏ పదార్థం ఎంత వాడారు, ఏ మెషీను, ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉందా లేదా అన్న వివరాలు. కిందికి వెళ్లేకొద్దీ సందేహం పెరుగుతుంది కాబట్టి ఆ పరిధి వెడల్పవుతుంది. అంతే తప్ప లెక్క అసాధ్యం కాదు.

నాన్నగారి డోస్ కార్డులో అన్నీ సున్నాలే. అంటే ఏమీ తగల్లేదనేనా?

కాదు. ఎక్కువమంది అడిగేది ఇదే, ఎక్కువమందిని తప్పుదారి పట్టించేదీ ఇదే.

ప్రతి బ్యాడ్జీకీ ఒక కనిష్ఠ పరిమితి ఉంటుంది, దానికంటే తక్కువ తగిలితే అది చూడలేదు, రిజిస్టర్‌లో సున్నా అని రాసేస్తారు. నిజం సున్నాకీ ఆ పరిమితికీ మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. అందుకే అమెరికాలో కార్మికుల పాత డోస్‌లు లెక్కకట్టే ప్రభుత్వ విధానంలో ఒక్కో సున్నాకీ ఆ పరిమితిలో సగం చొప్పున కలుపుతారు. పాత ఫిల్మ్ బ్యాడ్జీ 0.4 మిల్లీసీవర్ట్ కంటే తక్కువ చూడలేదనుకుందాం, వారానికోసారి మార్చారనుకుందాం. ఏడాదికి 52 సున్నాలు, ఒక్కోదానికి 0.2, మొత్తం 10.4 మిల్లీసీవర్ట్. అదే బ్యాడ్జీని నెలకోసారి మారిస్తే 12 సున్నాలు, 2.4 మాత్రమే. తర్వాత వచ్చిన టీఎల్‌డీ (వేడిచేసినప్పుడు వచ్చే వెలుగుని బట్టి డోస్ చదివే) బ్యాడ్జీ 0.1 వరకు చూడగలదనుకుని మూడు నెలలకోసారి మారిస్తే ఏడాదికి 0.2. ముగ్గురి కార్డుల్లోనూ ఉన్నవి సున్నాలే, కానీ వాటి వెనక దాగి ఉండగలిగేది 0.2 నుంచి 10.4 దాకా మారిపోయింది. కాబట్టి మీరు అడగాల్సింది కార్డులో ఏముందని మాత్రమే కాదు, ఏ రకం బ్యాడ్జీ, ఎన్నాళ్లకోసారి మార్చారు అని.

ఈ కలిపిన మొత్తం తప్పకుండా తగిలిందని అర్థం కాదు, తగిలి ఉండొచ్చు, కాదనడానికి ఆధారం లేదు అని. సందేహం ఉన్నచోట కార్మికుడి వైపు మొగ్గడం అనే పద్ధతి ఇది, అదే న్యాయమని నేను గట్టిగా నమ్ముతాను. కొలవలేకపోయింది యంత్రం, దాని నష్టం మనిషి మీద వేయకూడదు.

ఇంకొకటి. కార్డులో కొన్ని నెలలు ఖాళీగా ఉంటే అవి సున్నాలు కావు. బ్యాడ్జీ పోయిందా, పాడైందా, లాకర్‌లో వదిలేసి లోపలికి వెళ్లారా, ఆ నెల అసలు డ్యూటీయే లేదా? వీటిలో ఏదో తేలాలి. ఖాళీని ముందు నెలల, తర్వాత నెలల రీడింగులతో పూరిస్తారు, సున్నాతో కాదు.

బ్యాడ్జీ అన్నీ కొలుస్తుంది కదా?

బయటి నుంచి ఒంటి మీద పడే గామా కిరణాలని, కొంతవరకు బీటా కణాలని కొలుస్తుంది. యురేనియం ప్లాంటులో అసలు చిక్కు లోపలికి పీల్చిన ధూళి. యురేనియం ఇచ్చే ఆల్ఫా కణాలు చర్మం పై పొరని దాటలేవు, చొక్కా మీద ఉన్న బ్యాడ్జీకి అవి తెలియవు, కానీ అదే ధూళి ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ఏ అడ్డూ లేకుండా కణజాలం మీదే పనిచేస్తాయి. కాబట్టి బ్యాడ్జీ రికార్డు చక్కగా ఉన్నా సగం కథే తెలిసినట్టు.

బయటి డోస్‌లోనూ ఒక మెలిక ఉంది. శుద్ధి చేసిన తాజా యురేనియం మొదట్లో బీటా పెద్దగా ఇవ్వదు. దాంట్లోంచి పుట్టే థోరియం-234 కి సగం జీవితకాలం (సగం తరిగిపోవడానికి పట్టే సమయం) 24 రోజులు, దాని తర్వాత వచ్చే ప్రొటాక్టీనియం బలమైన బీటా ఇస్తుంది, అంటే కొన్ని నెలలు నిల్వ ఉన్న సరుకు తాజా సరుకు కంటే చేతులకి, కళ్లకి ఎక్కువ హాని. లోహాన్ని కరిగించి పోతపోసే చోట ఈ పిల్ల మూలకాలు పైకి తేలి మూసలో, తెట్టులో మిగిలిపోతాయి. లోహం తీసుకెళ్లిపోయాక ఖాళీ మూస శుభ్రం చేసే మనిషికి, లోహం పట్టుకున్నవాడి కంటే ఎక్కువ బీటా తగలొచ్చు. "నాది క్లీనింగ్ పనే బాబూ, మెయిన్ పని కాదు" అనే పెద్దాయన మాట విని ముందుకెళ్లిపోకండి, అక్కడే ఆగి వివరంగా అడగండి.

మూత్ర పరీక్ష ఎందుకు చేసేవారు, దాంతో ఏం తెలుస్తుంది?

పీల్చిన యురేనియంలో రక్తంలో కలిసింది కిడ్నీల గుండా బయటికి వస్తుంది. ఎంత వస్తోందో చూసి ఎంత లోపలికి వెళ్లి ఉంటుందో వెనక్కి లెక్క కడతారు. వినడానికి తేలిక, కానీ మొత్తం లెక్క ఒక ప్రశ్న మీద నిలబడుతుంది: ఆ ధూళి ఒంట్లో కరిగేదా, కరగనిదా?

యురేనిల్ నైట్రేట్, హెక్సాఫ్లోరైడ్ లాంటివి పంచదారలా తొందరగా కరిగి రక్తంలోకి వెళ్లి రోజుల్లో చాలావరకు బయటపడతాయి. బాగా కాల్చిన యురేనియం ఆక్సైడ్ మాత్రం ఊపిరితిత్తుల్లో ఏళ్ల తరబడి ఉండిపోతుంది. ఎల్లో కేక్ అని అందరూ పిలిచే పసుపు ముద్ద ఏ రసాయనం, ఎంత వేడి మీద ఎండబెట్టారు అన్నదాన్ని బట్టి ఈ రెండింటి మధ్య ఎక్కడో పడుతుంది. జాదుగూడలో ఆమ్లంతో తీసి మెగ్నీషియం డైయురేనేట్ చేసేవారు, కడప జిల్లా తుమ్మలపల్లిలో క్షార పద్ధతిలో సోడియం డైయురేనేట్ చేస్తారు, హైదరాబాద్‌లో అమ్మోనియం డైయురేనేట్‌ని కాల్చి ఆక్సైడ్ చేసి బిళ్లలుగా అచ్చు వేస్తారు. మూడూ యురేనియమే, ఊపిరితిత్తుల్లో వాటి నడక మాత్రం వేరు.

తేడా ఎంతంటే, 1994లో అంతర్జాతీయ రేడియేషన్ రక్షణ సంఘం ఇచ్చిన గుణకాలతో (పీల్చిన మొత్తాన్ని డోస్‌లోకి మార్చే అంకెలతో) చూస్తే 1 మిల్లీగ్రాము సహజ యురేనియం పీల్చినందుకు త్వరగా కరిగే రకమైతే సుమారు 0.015 మిల్లీసీవర్ట్, మధ్యరకమైతే 0.046, కరగని రకమైతే 0.16. పది రెట్లు. ఇంకా ఉంది. కరగనిది మూత్రంలోకి చాలా కొద్దిగా వస్తుంది కాబట్టి, ఇద్దరి మూత్రంలో ఒకే అంకె కనిపించినా కరగని ధూళి పీల్చినవాడు అసలు పీల్చింది చాలా ఎక్కువ. అంటే తేడా రెండుసార్లు పెరుగుతుంది: పీల్చిన మొత్తమూ ఎక్కువే, ప్రతి మిల్లీగ్రాముకి డోసూ ఎక్కువే. మూత్రంలో యురేనియం తక్కువుంది, అంతా సేఫ్ అన్న మాట ఆక్సైడ్ షెడ్డులో పనిచేసినవాళ్ల విషయంలో చెల్లదు.

శాంపిల్ ఎప్పుడిచ్చారన్నది కూడా ముఖ్యమే. షిఫ్టు దిగగానే ఇస్తే ఆ రోజు పీల్చింది అందులో కనిపిస్తుంది, సెలవు తర్వాత డ్యూటీ ఎక్కే ముందు ఇస్తే త్వరగా కరిగింది అప్పటికే వెళ్లిపోయి, నెమ్మదిగా కరిగేదే మిగులుతుంది. రిపోర్టు మీద తేదీతోపాటు టైము ఉంటే దాన్ని జాగ్రత్త చేయండి. తాగే నీళ్లు, తిండి ద్వారా కూడా అందరి మూత్రంలో కొంత యురేనియం ఉంటుంది, అందుకే ఉద్యోగంలో చేరేటప్పుడు తీసిన మొదటి శాంపిల్ దొరికితే చాలా విలువైనది.

మా మామయ్య కాంట్రాక్టు లేబర్. బ్యాడ్జీ లేదు, పరీక్ష లేదు. ఆయన లెక్కలోకి రాడా?

వస్తాడు, రావాలి. రికార్డు లేదని డోస్ లేదనుకోవడం కంటే పెద్ద అన్యాయం ఈ వ్యవహారంలో లేదు.

ఇలాంటప్పుడు తోటి కార్మికుల రికార్డులు వాడతారు. అదే షెడ్డు, అదే కాలం, అదే పని చేసినవాళ్ల రీడింగులన్నీ వరసగా పేర్చి, అప్పుడప్పుడూ వెళ్లిన మనిషైతే నడిమి విలువ, రోజంతా ధూళిలోనే ఉన్న మనిషైతే పై అంచు దగ్గరి విలువ తీసుకుంటారు. ఆ రీడింగులు పర్మనెంట్ ఉద్యోగులవి, లేబర్‌కి ఇచ్చిన పని తరచూ వాళ్ల పని కంటే మురికిగా ఉండేది కాబట్టి నడిమి విలువ చాలదని వాదించే హక్కు మీకుంది.

గాలి శాంపిళ్లు ఉంటే ఇంకో దారి. 1950ల్లో అమెరికా ప్లాంట్లలో ఘనమీటరు గాలిలో 50 మైక్రోగ్రాముల యురేనియం దాకా ఉండొచ్చని అనుకునేవారు. ఆ గాలిలో ఏడాది పనిచేసిన మనిషి లెక్క చూద్దాం. గంటకి సుమారు 1.2 ఘనమీటర్లు పీలుస్తాం, 8 గంటల షిఫ్టుకి 480 మైక్రోగ్రాములు, 250 రోజులకి 120 మిల్లీగ్రాములు. కరగని ఆక్సైడ్ అయితే దాదాపు 19 మిల్లీసీవర్ట్, మధ్యరకమైతే 5.5, త్వరగా కరిగేదైతే 1.8. ఇది లోపల ఉన్న పదార్థం వచ్చే 50 ఏళ్లలో ఇచ్చే డోస్ మొత్తాన్ని పీల్చిన ఏడాది పద్దులోనే వేసిన అంకె. అదీ మొత్తం శరీరానికి సర్దిన అంకె, ఒక్క ఊపిరితిత్తులకే చూస్తే దానికి ఎన్నో రెట్లు. అందుకే క్యాన్సర్ విషయం వచ్చినప్పుడు మొత్తం డోస్ చెబితే చాలదు, ఆ అవయవానికి ఎంత పడిందో అడగాలి.

గాలి మిషన్ ఎక్కడ పెట్టారన్నది కూడా కనుక్కోండి. గోడ మీద పెట్టిన శాంప్లర్‌కి, డ్రమ్ము మూత తీసి వంగి పొడి నింపుతున్న మనిషి ముక్కుకి మధ్య చాలా తేడా ఉంటుంది.

రేడాన్ సంగతి?

రేడాన్ అంటే ఖనిజంలోని రేడియం నుంచి పుట్టే రేడియోధార్మిక వాయువు. ఖనిజం ఉన్నచోట, అంటే గని లోపల, క్రషర్ దగ్గర, టెయిలింగ్స్ (యురేనియం తీశాక మిగిలిన వ్యర్థం) చెరువు వైపు పనిచేసినవాళ్లకి ఇది ముఖ్యం. శుద్ధి చేసిన యురేనియం షెడ్డుల్లో రేడియం అప్పటికే వేరైపోతుంది కాబట్టి అక్కడ పెద్ద సమస్య కాదు. పాత కాగితాల్లో రేడాన్‌కి వర్కింగ్ లెవెల్ మంత్ అనే కొలత కనిపిస్తుంది, నెలకి 170 పనిగంటల లెక్కన. దాన్ని మిల్లీసీవర్ట్‌లోకి మార్చే గుణకం 1993లో ఒకటికి 5 అన్నారు, 2017 నాటికి సుమారు 10 అయింది. కాబట్టి మార్చేసిన అంకె కాకుండా అసలు కొలతనే అడిగి తీసుకోండి.

మాది ఛత్రపురం. ఇసుకలోనే రేడియేషన్ ఉంది కదా, అదీ కలుపుతారా?

ఛత్రపురం, గోపాలపురం తీరంలో మోనజైట్ (థోరియం ఉండే ఖనిజం) ఇసుక వల్ల సహజంగానే రేడియేషన్ ఎక్కువ, అది నిజం. కానీ ఉద్యోగం డోస్‌లో సహజ నేపథ్యాన్ని తీసేస్తారు. చిక్కు ఎక్కడంటే, తీసేయడానికి వాడే కంట్రోల్ బ్యాడ్జీని (ఎవరూ పెట్టుకోకుండా నేపథ్యం కొలవడానికే ఉంచేదాన్ని) ఎక్కడ దాచారు అన్నది. అది ఉన్న గదిలోనే రేడియేషన్ ఎక్కువైతే కార్మికుడి డోస్‌లోంచి ఎక్కువ కోసేసినట్టవుతుంది.

ఇక ఇండియన్ రేర్ ఎర్త్స్ ఇసుక ప్లాంటులో చేసినవాళ్లకి యురేనియం కంటే థోరియం ప్రధానం. మన మోనజైట్‌లో థోరియం ఆక్సైడ్ సుమారు 9 శాతం, యురేనియం ఆక్సైడ్ 0.35 శాతం ఉంటుంది. థోరియం మూత్రంలోకి దాదాపు రాదు, కాబట్టి ఊపిరిలోంచి వచ్చే థోరాన్ (థోరియం నుంచి పుట్టే వాయువు), ఛాతీ కొలతలు, గాలి శాంపిళ్ల మీద ఆధారపడాలి. పై యురేనియం గుణకాలు వీళ్లకి వాడకండి.

ఇప్పుడు పరీక్ష చేయిస్తే పాత డోస్ బయటపడుతుందా?

చాలావరకు బయటపడదు. త్వరగా కరిగేది ఎప్పుడో వెళ్లిపోయింది, కరగనిది కొంచెం మిగిలినా అది సహజ యురేనియమే కాబట్టి నీళ్ల ద్వారా వచ్చినదాన్నుంచి విడదీయడం కష్టం. ప్రైవేట్ ల్యాబ్‌లో వేలకి వేలు పోసి చేయించి, తక్కువొచ్చిందని గుండె మీద చెయ్యేసుకోవడమో, ఎక్కువొచ్చిందని టెన్షన్ పడడమో రెండూ వద్దు. కిడ్నీ పరీక్షలు మాత్రం చేయించండి. యురేనియం రసాయనంగా కిడ్నీలకి విషం, రేడియేషన్‌తో సంబంధం లేకుండా. క్రియాటినిన్, మూత్రంలో ప్రొటీన్ పరీక్షలు బరంపురం మెడికల్ కాలేజీలోనూ అవుతాయి. పెద్దాయన ఏం పని చేసేవారో డాక్టర్‌కి నోరు తెరిచి చెప్పండి, చాలామంది చెప్పరు.

పాత కాగితాల్లో రెమ్, మిల్లీరెమ్ అని ఉంది. ఏమిటి?

1 రెమ్ అంటే 10 మిల్లీసీవర్ట్. 100 మిల్లీరెమ్ అంటే 1 మిల్లీసీవర్ట్.

డోస్ పరిమితి దాటలేదంటే జబ్బు ఉద్యోగం వల్ల కాదనేగా?

కాదు. ఇప్పుడు మన దేశంలో కార్మికుడికి వరసగా ఐదేళ్లలో 100, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 మిల్లీసీవర్ట్ దాటకూడదు. ఇది ప్లాంటు నడపడానికి పెట్టిన గీత, దాని కింద అంతా క్షేమం అని ఎవరూ అనలేదు. అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్‌లలో మూడు లక్షల మందికి పైగా అణు కార్మికుల మీద జరిగిన ఇన్‌వర్క్స్ అధ్యయనం, డోస్ పెరిగేకొద్దీ క్యాన్సర్ మరణాలు పెరగడం తక్కువ డోస్‌ల దగ్గర కూడా కనిపిస్తోందని చెప్పింది.

అయితే ఒక మనిషికి వచ్చిన క్యాన్సర్ రేడియేషన్ వల్లే వచ్చిందని ఏ పరీక్షా చూపించలేదు. చెప్పగలిగేది సంభావ్యత మాత్రమే: అవయవానికి పడిన డోస్, అప్పటి వయసు, ఎన్నేళ్ల తర్వాత జబ్బొచ్చింది, ఊపిరితిత్తులైతే బీడీ, సిగరెట్ అలవాటు, ఇవన్నీ పెట్టి. అమెరికా 2000లో చేసిన చట్టం ప్రకారం ఆ సంభావ్యత 50 శాతం లేదా ఆపైన ఉంటే నష్టపరిహారం ఇస్తారు, అదీ సందేహాల పరిధిలో దాదాపు పై అంచున ఉన్న విలువ, 99వ శతాంశం, తీసుకుని చూస్తారు. డోస్ లెక్కే కట్టలేని ప్లాంట్లకి వేరే దారి పెట్టారు: 250 పనిదినాలు చేసి, జాబితాలోని 22 రకాల క్యాన్సర్లలో ఒకటి వస్తే లెక్క అడగరు. సెయింట్ లూయిస్‌లో 1942 నుంచి యురేనియం శుద్ధి చేసిన మాలింక్రాట్ ప్లాంటు పాత కార్మికులకి 2005లో ఈ దారి తెరుచుకుంది. జర్మనీలో విస్ముట్ యురేనియం గనుల్లో 1955కి ముందు రేడాన్ కొలతలే లేవు, అయినా గాలి ప్రసరణ, తవ్వకం పద్ధతి, పాత రికార్డులు చూసి ఏ పనికి ఏ ఏడాది ఎంత అని పట్టికలు తయారుచేశారు. కొలతలు లేవు కాబట్టి ఏమీ చేయలేం అన్న మాట ఎవరైనా అంటే ఈ రెండూ గుర్తుచేయండి.

కాగితాలు ఎక్కడ అడగాలి?

ముందు పనిచేసిన యూనిట్‌లో. బాబా అణు పరిశోధన కేంద్రంలో దేశవ్యాప్త డోస్ రిజిస్ట్రీ ఉంది, బ్యాడ్జీ నంబరు లేదా టీఎల్‌డీ పర్సనల్ నంబరు తెలిస్తే వెతకడం సులువు. మాటలతో కాకపోతే సమాచార హక్కు దరఖాస్తు, 10 రూపాయల ఫీజు, 30 రోజుల్లో జవాబివ్వాలి, ఇవ్వకపోతే మొదటి అప్పీలు. "నా డోస్ రికార్డు ఇవ్వండి" అని ఒక్క ముక్క రాయకండి. బ్యాడ్జీ రకం, మార్చిన వ్యవధి, కనిష్ఠ పరిమితి, మూత్ర పరీక్షల తేదీలు, ఫలితాలు, ఆ షెడ్డు గాలి శాంపిళ్లు, ప్రతి ఒక్కటీ విడివిడిగా అడగండి. అంతర్జాతీయ భద్రతా ప్రమాణాల ప్రకారం డోస్ రికార్డుని మనిషికి 75 ఏళ్లు వచ్చేదాకా, పని మానేశాక కనీసం 30 ఏళ్లు ఉంచాలి.

నష్టపరిహారం సంగతికొస్తే, అయనీకరణ రేడియేషన్ వల్ల వచ్చే వ్యాధులు 1923 నాటి ఉద్యోగుల నష్టపరిహార చట్టం మూడో షెడ్యూల్‌లో ఉండేవి, దాని స్థానంలో 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన 2020 సామాజిక భద్రత కోడ్‌లోనూ ఉన్నాయి. గడువులు ఉంటాయి కాబట్టి లేబర్ కేసులు చూసే లాయర్ని ఆలస్యం చేయకుండా కలవండి.

నాన్నగారిని ఏం అడిగి రాసుకోవాలి?

అన్నిటికంటే ముందు చేయాల్సింది ఇదే, దీనికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఏ ఏడాది నుంచి ఏ ఏడాది వరకు ఏ షెడ్డు, ఏ షిఫ్టు. లీచింగా, ఫిల్టర్ ప్రెస్సా, డ్రయ్యరా, డ్రమ్ములు నింపడమా, ఫర్నేసా, మెయింటెనెన్సా. పొడి పసుపు రంగా, నారింజా, నలుపా? రంగు చిన్న విషయంలా ఉంటుంది కానీ పసుపైతే డైయురేనేట్, నలుపైతే కాల్చిన ఆక్సైడ్ అయి ఉండొచ్చు, కరిగే రకమా కాదా అన్నది అక్కడే తేలుతుంది. మాస్క్ ఇచ్చేవారా, గుడ్డ కట్టుకునేవారా. భోజనం ఎక్కడ తినేవారు, బట్టలు ప్లాంటులో ఉతికేవారా, ఇంటికి తెచ్చేవారా. ఎప్పుడైనా లీకైందా, డ్రమ్ము ఒలికిందా, ఆ తర్వాత ప్రత్యేకంగా మూత్రం తీసుకున్నారా. ఉద్యోగం కోసం ఏటా ఛాతీ ఎక్స్‌రే తీసేవారా? అమెరికా లెక్కల్లో ఆ ఎక్స్‌రేల డోస్ కూడా కలుపుతారు.

ఒక్క రోజులో అన్నీ గుర్తురావు, విసిగించకండి, తోటి పనివాళ్లు ఇద్దరు ముగ్గురు కలిసినప్పుడు అడిగితే ఒకరి మాటతో ఇంకొకరికి గుర్తొస్తుంది. తెలుగులోనే రాయండి, చివర తేదీ వేసి సంతకం పెట్టించండి.

ఆయన ఇప్పటికే పోయారు. ఇంకేం చేయగలం?

చాలానే. పీఎఫ్ చీటీలు, పే స్లిప్పులు, గేట్ పాస్, సర్వీస్ సర్టిఫికెట్, హాస్పిటల్ ఫైలు, ఇవన్నీ ఎక్కడ ఎప్పుడు పనిచేశారో చెబుతాయి. హిందీలోనో ఒడియాలోనో ఉన్నాయని పక్కన పడేయకండి, బడిలో ఒడియా చదువుకున్న పిల్లలు మన ఇళ్లలోనే ఉన్నారు. క్యాన్సరైతే బయాప్సీ రిపోర్టు అసలు ప్రతి సంపాదించండి, ఏ అవయవంలో మొదలైందన్నది దాంట్లోనే ఉంటుంది, అది లేకుండా అవయవ డోస్ లెక్క మొదలవదు. సమాచార హక్కు దరఖాస్తుకి మరణ ధ్రువపత్రం, వారసత్వ ధ్రువపత్రం జతచేయండి, లేకపోతే ఇతరుల వ్యక్తిగత సమాచారం అని తిప్పి పంపొచ్చు. ఆయనతో పనిచేసినవాళ్లలో బతికున్నవాళ్ల దగ్గరికి ఈ నెలలోనే వెళ్లి వాళ్లు చెప్పింది రాసుకోండి.